సూది మహాత్మ్యం

పూర్వం నైమిశారణ్యంలో శౌనకాది మహామునులు సూతుణ్ణి చుట్టుముట్టి, కలియుగంలో తరించే మార్గం చెప్పమని అడిగేవారు. ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో అపార్టుమెంటు సంఘం సభ్యులు లిఫ్టు దగ్గర చుట్టుముట్టి అడిగేది ఒక్కటే. "ఏమండీ, పాలల్లో హార్మోన్లుంటున్నాయట, నిజమేనా? ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులైపోతున్నారట!" అడిగినవాళ్ళు జవాబు కోసం ఆగరు. జవాబు వాట్సాప్‌లో ముందే వచ్చేసింది. మనం తలూపితే చాలు.

తలూపే ముందు కథ మొత్తం వినమని మనవి. నల్లరేగడిలో పత్తి, పక్క చెక్కలో మిరప, గట్టు మీద గేదె ఉండే గుంటూరు, ప్రకాశం సీమల్లో వెలసిన ఒక దేవత కథ ఇది. ఆమె పొడవు అంగుళం దాటదు. వాహనం పాలవాడి చొక్కా జేబు. డాక్టర్ల పుస్తకాల్లో ఆమె తీర్థం పేరు ఆక్సిటోసిన్. గొడ్లచావిడిలో ఆ పేరు ఎవరికీ నోరు తిరగదు, అవసరమూ లేదు. 'సూది' అంటే చాలు, గేదెకు కూడా అర్థమవుతుంది.

ప్రథమాధ్యాయం: సూది వేయు విధానం

తెల్లవారుజాము. ఊరి చివర బైపాసు పక్కన రేకుల షెడ్డు. వరసగా కట్టేసిన గేదెలు. షెడ్డు ముందు స్కూటర్లు, వాటి హ్యాండిళ్ళకు స్టీలు క్యానులు. ప్యాకెట్టు పాల మీద నమ్మకం పోయి, కళ్ళ ముందే పితికించుకుని పట్టుకెళ్ళాలని దీక్ష పూనిన భక్తులు వీళ్ళు.

"ముందు ఆ బకెట్టు బోర్లించవయ్యా" అంటారొక పెద్దాయన.

పాలవాడు బోర్లిస్తాడు. చుక్క నీరు రాలదు. భక్తులందరి ముఖాల్లోనూ నిశ్చింత.

అప్పుడు పాలవాడు గేదెకు అవతలి పక్కకు వెళ్తాడు. గూట్లోంచి ఒక ప్లాస్టిక్ సీసా తీస్తాడు. దాని మీద లేబుల్ లేదు, కంపెనీ పేరు లేదు, గడువు తేదీ అసలే లేదు. సిరంజిలోకి మంచినీళ్ళలాంటి మందు లాగి, గేదె మెడలో కసుక్కున గుచ్చి తీసేస్తాడు. చర్మం ఒక్కసారి అదురుతుంది. దూది లేదు, స్పిరిట్ లేదు. అదే సూది పక్క గేదెకు, ఆ తరవాత దాని పక్క గేదెకు. నిమిషమో రెండు నిమిషాలో గడిచేసరికి పొదుగు బిగుస్తుంది, చన్నులు నిగుడుతాయి, బకెట్టులో ధార జోరున మోగుతుంది.

ఇంతసేపూ భక్తుల కళ్ళు బకెట్టు మీదే ఉన్నాయి. మెడ మీద ఒక్కరి చూపూ పడలేదు. నురగ చూసుకున్నారు, చిక్కదనం చూసుకున్నారు, కొలతలో కొసరు వేయించుకున్నారు. "నీళ్ళు కలపలేదండీ, నేనే దగ్గరుండి పితికించా" అని ఇంటికెళ్ళి ఇల్లాలికి చెప్పుకుంటారు. ఆ తరవాత సోఫాలో కూర్చుని, పాలల్లో హార్మోన్ల గురించి వచ్చిన మెసేజీని నలభై మందికి పంపిస్తారు.

ఇందులోని శాస్త్రం కూడా వినాలి. గేదె పొదుగు కుళాయి కాదు. పాలు లోపల సన్నటి తిత్తుల్లో ఉంటాయి. దూడ వచ్చి పొదుగును మూతితో కుమ్మి, నాలుగు గుక్కలు చీకితే, తల్లి మెదడు అడుగునున్న చిన్న గ్రంథి ఆక్సిటోసిన్‌ను రక్తంలోకి వదులుతుంది. ఆ తిత్తుల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. పాలు కిందికి దిగుతాయి. దీన్నే మనం గేదె చేపింది అంటాం. విదేశీ జాతి ఆవులు దూడ లేకపోయినా మిషన్ తగిలిస్తే ఇచ్చేస్తాయి. మన గేదె, మన ఒంగోలు ఆవు అలా కాదు. దూడ ముఖం చూడందే చేపవు. శతాబ్దాలుగా ఇది వాటి గుణం. ఈ మధ్య మనం దాన్ని లోపం అంటున్నాం.

ఆ హార్మోన్ తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. దాన్ని 1953లో ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికా శాస్త్రవేత్త విన్సెంట్ డు విగ్నోకు 1955లో రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ప్రసవం కష్టమైన తల్లుల కోసం, కాన్పు తరవాత రక్తస్రావం ఆగని తల్లుల కోసం ఆ మందు ప్రపంచమంతా వెళ్ళింది. మన దగ్గరికి వచ్చేసరికి గొడ్లచావిడి గూట్లో, లేబుల్ లేని సీసాలో సెటిలైంది.

ద్వితీయాధ్యాయం: భయం దిగుమతి

అమెరికాలో డాలస్ దగ్గర ఉంటున్న తెనాలి కుర్రాడొకడు ఇంటికి ఫోన్ చేశాడనుకోండి. సంభాషణ ఇలా నడుస్తుంది.

"అమ్మా, అక్కడ పాలు తాగొద్దే. హార్మోన్లు ఎక్కిస్తారు."

"మరి మీ దగ్గరో నాన్నా?"

"ఇక్కడ డబ్బా మీదే రాసుంటుంది, హార్మోన్ లేదని."

కుర్రాడు చెప్పింది నిజమే. అయితే అక్కడి డబ్బా మీద రాసే హార్మోన్ వేరు, ఇక్కడి సీసాలో ఉన్నది వేరు. అక్కడిది ఆవు ఎదుగుదల హార్మోన్‌కు కృత్రిమ రూపం. దాన్ని ఇస్తే ఆవు అసలు పాలే ఎక్కువ తయారుచేస్తుంది. మోన్‌శాంటో కంపెనీ దానికి పోసిలాక్ అని పేరు పెట్టింది. అమెరికా ప్రభుత్వం 1993లో అనుమతించింది, 1994 నుంచి అమ్మారు. మన దేశంలో దాని వాడకానికి అనుమతి లేదు. మన సూది పాలను పెంచదు. పొదుగులో ఉన్నవాటిని దింపుతుంది, అంతే. డాలస్ భయాన్ని తెచ్చి తెనాలి గేదెకు కట్టాం. భయానికి కస్టమ్స్ సుంకం లేదు కాబట్టి దిగుమతి సులువు.

పోనీ ఇక్కడి హార్మోన్‌తోనే ఆడపిల్లలు తొందరగా ఎదుగుతున్నారా? ఆక్సిటోసిన్ మాంసకృత్తు జాతిది. కడుపులో పడితే పప్పులా జీర్ణమైపోతుంది. రక్తంలో ఉన్నా నిమిషాల్లో విరిగిపోతుంది. సూది వేసిన గేదె పాలనూ వేయని గేదె పాలనూ హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పరీక్షించారు. సూది వల్ల పాలలో ఆక్సిటోసిన్ పెరగడం లేదని తేల్చారు. ఆ మాట తార్నాక దాటి గుంటూరు రావడానికి ఇంకా బస్సు దొరకలేదు. పిల్లల ఎదుగుదల గురించి పిల్లల డాక్టర్ని అడిగితే ముందు పిల్ల బరువు అడుగుతారు. ఆడుకోవడానికి వెళ్తుందా అని అడుగుతారు. ఆ ప్రశ్నలు మనకు నచ్చవు. పొద్దున్నించి రాత్రి దాకా స్కూలు, ట్యూషను, చేతిలో చిప్స్ ప్యాకెట్టు, ఒళ్ళో ఫోను. ఇవన్నీ మనం కొనిపెట్టినవి. నేరం గేదె మీదికి నెడితే ఎవరికీ నష్టం లేదు. గేదె ప్రెస్ మీట్ పెట్టదు.

ఇక్కడొక ముచ్చట చెప్పాలి. పోసిలాక్‌ను 1999 జనవరిలో కెనడా వద్దంది. 2000 సంవత్సరం మొదటి రోజు నుంచి యూరోపియన్ యూనియన్ వద్దంది. మన వాట్సాప్ పండితులు ఆ రెండు నిషేధాలనూ ఎగరేసి చూపిస్తారు. వాళ్ళు చెప్పని మాట ఒకటుంది. ఆ దేశాలు చెప్పిన ముఖ్య కారణం తాగేవాడి ఆరోగ్యం కాదు. ఆవుకు పొదుగువాపు ఎక్కువవుతోందని, కుంటి వస్తోందని, ఆవు బాధపడుతోందని. అంటే గోమాతను పూజించని దేశాలు ఆవు కోసం హార్మోన్ ఆపాయి. గోమాత స్టిక్కరు కారు వెనక అంటించుకున్న మనం మన పిల్లల కోసం మాత్రమే ఆపమంటున్నాం. ఆవు మాట మన మెసేజీలో ఎక్కడా లేదు.

తృతీయాధ్యాయం: హార్మోన్ల సీమ

ఇంతకీ హార్మోన్ అనే మాట ఈ నేలకు కొత్తా? మిరప తోటలో పూత రాలుతుంటే కొట్టేదేమిటి? ప్లానోఫిక్స్. నాలుగున్నర లీటర్ల నీళ్ళకు ఒక మిల్లీలీటరు. అది కృత్రిమ హార్మోనే, మొక్కలది. పత్తి ఏపుగా ఎగబాకి కాయ పట్టకపోతే కొట్టేదేమిటి? మెపిక్వాట్ క్లోరైడ్. అది మొక్క ఎదుగుదల హార్మోన్‌ను అణిచే మందు. ఒక మొక్కను నిలబెట్టడానికి ఒకటి, ఇంకో మొక్కను ఆపడానికి ఇంకొకటి. వీటికి విశ్వవిద్యాలయాల సిఫార్సులున్నాయి, లేబుళ్ళున్నాయి, మోతాదులున్నాయి. వాటి పక్కనే అదే షాపులో అరల నిండా టానిక్కులు, బూస్టర్లు, 'బయో' మందులు. వాటిలో ఏముందో అమ్మేవాడికే తెలియదు. కొనేవాడు అడగడు. అరువు కదా, అడగడానికి మొహం చెల్లదు.

ఈ ప్రాంతంలో మూడు దశాబ్దాలుగా సాగుతున్న వ్యవసాయానికి ఒకటే మంత్రం. ఏది ఆగినా ఏదో ఒకటి కొట్టు. పూత ఆగితే కొట్టు, కాయ ఆగితే కొట్టు, పురుగు ఆగకపోతే ఇంకా కొట్టు. ఆ చేత్తోనే సాయంత్రం గేదె దగ్గరికి వెళ్ళినవాడు, పాలు ఆగితే ఏం చేస్తాడు?

మోన్‌శాంటో పేరు కూడా మనకు కొత్త కాదు. అమెరికాలో ఆవుకు సూది అమ్మిన ఆ కంపెనీయే మన నల్లరేగళ్ళకు భాగస్వామి కంపెనీ ద్వారా బీటీ పత్తి అమ్మింది. 2002లో అనుమతి వచ్చింది. పదహారు వందల పైమాట పలికిన విత్తనం ప్యాకెట్టు, 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్ (ఎమ్మార్టీపీ) మెట్లెక్కితేగాని ఏడొందల యాభైకి దిగలేదు. కాయతొలుచు పురుగు పోతుందన్నారు, కొన్నాళ్ళు పోయింది. తరవాత గులాబీ పురుగు వచ్చింది. మిరపలో 2021లో నల్ల తామర పురుగు దిగి తోటలకు తోటలు పూత మాడ్చేసింది. దిగుబడి వచ్చిన ఏడాది ధర రాలేదు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం కలగజేసుకుని క్వింటా మిరపకు 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది.

ఇదంతా ఎందుకంటే, సూది పట్టుకున్నవాడు కథలో రాక్షసుడు కాదు. ఏడాదికోసారి వచ్చే మిరప డబ్బు కౌలుకూ, మందుల షాపుకూ పోతే, వారం వారం చేతికొచ్చే పాల డబ్బుతోనే ఆ ఇంట్లో బియ్యం, పిల్లల ఫీజులు. పాలకేంద్రంలో అతనికి ధర కట్టేది వెన్న శాతాన్ని బట్టి. పితుకుడులో చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ. గేదె ఎగబట్టుకుని ఆ చివరి లీటరు దాచుకుంటే శాతం పడిపోతుంది. సూది వేస్తే ఆఖరి చుక్క దాకా దిగుతుంది. వెన్న కొలవడానికి మిషన్ ఉంది. ఆ వెన్న ఎలా దిగిందో కొలిచే మిషన్ ఏ డైరీలోనూ లేదు, ఉండాలని ఎవరూ అడగలేదు.

డైరీల మీద మనకు శ్రద్ధ లేదనడం అన్యాయం. 2020 డిసెంబరులో అమూల్‌ను తెచ్చి ప్రకాశం, కడప, చిత్తూరు జిల్లాల్లో పాలవెల్లువ పథకం మొదలుపెట్టారు. 2021లో వడ్లమూడి సంగం డైరీ పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలన్న తగవు జీవో దాకా వెళ్ళింది, జీవో హైకోర్టు దాకా వెళ్ళింది. పాలు ఎవరి లారీ ఎక్కాలన్న దాని మీద ఇంత రాజకీయం నడిచింది. పాలు ఎలా దిగుతున్నాయన్న దాని మీద ఒక్క ధర్నా లేదు, ఒక్క టెంటు లేదు.

చతుర్థాధ్యాయం: నిషేధ ఖండం

ప్రభుత్వం నిద్రపోతోందని ఎవరన్నారు? చట్టం ఎప్పుడో ఉంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 12వ సెక్షన్. పాలు దింపడానికి పశువు ఆరోగ్యానికి హాని చేసే పనిగానీ, అలాంటి సూదిగానీ వేస్తే వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండూ. అప్పటి వెయ్యి ఇప్పటికీ వెయ్యే. అప్పుడు వెయ్యి పెడితే పాడిగేదే వచ్చేది. ఇప్పుడు ఒక గేదెకు నెల దాణా రాదు. పైగా ఆ సెక్షన్‌లో ఇంకో ముక్క ఉంది. పశువును ప్రభుత్వం జప్తు చేస్తుంది. సూది గుచ్చినవాడికి జరిమానా కట్టి ఇంటికెళ్ళే అవకాశం ఉంది. సూది పడ్డ గేదె మాత్రం సర్కారు వశం.

ఈ చట్టం వెనక ఒక పాత పాపముంది. వెనకటి రోజుల్లో కలకత్తా పాలవాళ్ళు ఆవు జననాంగంలోకి గొట్టంతో గాలి ఊది పాలు దింపేవారు. దాన్ని 'ఫూకా' అనేవారు. ఆ సంగతి విని గాంధీగారు పాలే మానేశారు. తరవాత జబ్బు చేస్తే మేకపాలకు ఒప్పుకున్నారు, ఒప్పుకున్నందుకు కుమిలిపోయారు. మన గాంధేయవాదం ఇంకా ముందుకెళ్ళింది. గొట్టం పోయి సూది వచ్చింది, కుమిలిపోవడం పూర్తిగా పోయింది.

ఇక 2018కి రండి. సూది దుర్వినియోగం అరికట్టాలని కేంద్ర ఆరోగ్య శాఖ ఆ ఏడాది ఏప్రిల్ 27న కంకణం కట్టింది. దొంగసీసాలు తయారుచేసేవాళ్ళను పట్టుకుంటారని మనం అనుకుంటాం. కాదు. లైసెన్సుతో, లేబుల్‌తో తయారుచేసే ప్రైవేటు కంపెనీలన్నీ దేశంలో అమ్మకానికి ఆక్సిటోసిన్ తయారు చెయ్యకూడదన్నారు. బెంగళూరులోని ఒకే ఒక్క ప్రభుత్వ కంపెనీ దేశం మొత్తానికి సరఫరా చేస్తుందన్నారు. జూలై 1 నుంచి అన్నారు, సెప్టెంబరు 1కి జరిపారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టడం అంటే ఇదే, కాకపోతే ఇక్కడ ఎలుకలు ఉన్నది పక్కింట్లో. గొడ్లచావిడి సీసా లైసెన్సు ఫ్యాక్టరీ నుంచి వచ్చిందని ఎవరూ రుజువు చెయ్యలేదు. కాన్పు గదిలో రక్తం ఆగని తల్లికి దొరకాల్సిన మందు కోసం మాత్రం ఒక్క ఫ్యాక్టరీ గేటు దగ్గర క్యూ కట్టాల్సి వచ్చేది.

2018 డిసెంబరు 14న ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. దానికి శాస్త్రీయ ఆధారం లేదంది, తల్లుల ప్రాణాల సంగతి ఆలోచించలేదంది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2019లో సుప్రీంకోర్టు దాన్ని పెద్ద బెంచికి అప్పగించింది. ఈ మధ్యలో మన షెడ్డులో ఏం జరిగింది? ఏమీ జరగలేదు. లేబుల్ లేని సీసాకు గెజిట్ చదవడం రాదు.

పంచమాధ్యాయం: అసలు విషం

ఇంతకీ పాలలో భయపడాల్సింది ఏదీ లేదా? ఉంది. కాకపోతే దాని మీద మెసేజీ ఇంకా ఎవరూ రాయలేదు.

2018లో దేశ ఆహార భద్రతా ప్రాధికార సంస్థ వెయ్యికి పైగా పట్టణాల్లో 6,432 పాల నమూనాలు తీసి పరీక్షించింది. యూరియా, డిటర్జెంటు, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి కల్తీలు దొరికినవి మొత్తం 12. అందులో 9 మన పొరుగు తెలంగాణవి, కాబట్టి మనం ఛాతీ విరుచుకోవచ్చు. కానీ అఫ్లటాక్సిన్ ఎం1 పరిమితి దాటినవి 368. యాంటీబయాటిక్ మందులు పరిమితి దాటినవి 77.

అఫ్లటాక్సిన్ బూజు విషం. కాలేయానికి క్యాన్సర్ తెచ్చిపెట్టే జాతి. తెలగపిండి, పత్తి చెక్క, మొక్కజొన్న నెమ్ము తగిలి బూజు పడితే అందులో పుడుతుంది. గేదె తింటే కొంత మారి పాలలోకి దిగుతుంది. కాచినా పోదు. మన సీమ గేదె దాణాలో పత్తి చెక్క లేని రోజు ఉందా? వానాకాలం గోడౌన్‌లో నెమ్మెక్కిన చెక్కను 'కాస్త వాసనొస్తోంది, గేదెకేగా' అని తక్కువ ధరకు కొనని ఇల్లెన్ని?

ఇదే బూజు కోసం యూరప్ రేవుల్లో మన మిరపకాయల్ని ఆపి పరీక్షిస్తారు. కల్లంలో నేల మీద ఎండబెట్టిన కాయ మీద మంచు పడితే బూజు పట్టే ప్రమాదముందని గుంటూరు యార్డులో ఎగుమతిదారుకు బాగా తెలుసు. అందుకే పట్టాలు పరుస్తాడు, ల్యాబ్ రిపోర్టు తెప్పిస్తాడు. తెల్లవాడి నోట్లోకి వెళ్ళే కాయకు పరీక్ష. మన పిల్ల గ్లాసులోకి వచ్చే పాలకు దేవుడే దిక్కు. లేని హార్మోన్ కోసం ఊరంతా వెతుకుతున్నాం, ఉన్న బూజును గాటికి మనమే మోసుకొస్తున్నాం.

షష్ఠాధ్యాయం: దూడోపాఖ్యానం

ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నాడట వెనకటికొకడు. మన షెడ్డులో గేదె నిజంగానే ఈనింది. కట్టేయడానికి దూడే లేదు.

ఈ పురాణానికి అసలు ముడి ఇక్కడుంది. సూది హార్మోన్ కాదు, దూడకు బదులు వచ్చిన మనిషి. అదే చోట నిలబడి, అదే పని చేసి, పాలు మాత్రం తాగదు. అందుకే దానికి అంత గిరాకీ.

పెయ్యదూడ పుడితే సరే, రేపటి పాడి. దున్నదూడ పుడితే? వెనకటికి దమ్ము చెయ్యడానికి, బండి లాగడానికి దున్నపోతు కావాల్సి వచ్చేది. ట్రాక్టరు వచ్చి ఆ ఉద్యోగం ఊడగొట్టింది. ఇప్పుడు దున్నదూడ రోజుకు మూడు లీటర్ల పాలు తాగే ఖర్చు. లీటరు ఎనభై అనుకుందాం. మూడు నెలలు తాగితే రెండొందల డెబ్బై లీటర్లు, ఇరవై ఒక్క వేల ఆరొందల రూపాయలు. అమ్మితే అందులో నాలుగో వంతు రాదు. సూదికి రోజుకు కొన్ని రూపాయలు. ఈ కూడిక తీసివేత పాలవాడికి ఏ ఎంబీఏ చదవకుండానే వచ్చు.

కాబట్టి దున్నదూడను ఎవరూ చంపరు. పాపం కదా. జున్నుపాలు నాలుగు చుక్కలు తాగనిచ్చి ఒక మూల కట్టేస్తారు. ఆకలికి అరుస్తుంది. నోటికి చిక్కం కడతారు. నట్టల మందు పట్టరు. పదో రోజో ఇరవయ్యో రోజో దానంతటదే పోతుంది. "మా దూడ దక్కలేదండీ" అంటారు. దక్కలేదట. ఎంత చక్కటి మాట. కోర్టులో కూడా నిలబడుతుంది.

మునుపు అలా పోయిన దూడ తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెట్టేవారు. తల్లి నాకేది, చేపేది. ఆ మోసంలో కూడా గేదెకు ఒక తల్లి మనసుందని ఒప్పుకోలు ఉంది. సూది ఆ శ్రమ తగ్గించింది. గడ్డి కుక్కక్కర్లేదు, తోలు ఒలవక్కర్లేదు, తల్లి మనసుతో పనే లేదు. అలవాటు పడిన గేదె ఇక సూది పడందే చేపదు. అప్పుడు పాలవాడు కూడా సూదికి కట్టు బానిసే.

శాస్త్రవేత్తలు ఊరుకున్నారా? లేదు. ఆడదూడలు మాత్రమే పుట్టేలా వేరుచేసిన వీర్యం వచ్చింది. నూటికి తొంభై పాళ్ళు పెయ్యదూడే. ప్రభుత్వం రాయితీ కూడా ఇస్తోంది. మగదూడను పస్తు పెట్టి చంపడం కంటే పుట్టనివ్వకపోవడం మేలే, ఒప్పుకోవాల్సిందే. ఆడపిల్ల పుట్టనివ్వకుండా చేసే స్కానింగులను ఆపడానికి చట్టం పెట్టుకున్న దేశంలో, ఆడదే పుట్టాలని రాయితీ దొరికేది గేదె కడుపులో మాత్రమే.

గుంటూరు పక్కన లాం ఫారంలో ఒంగోలు ఆవుల్ని కాపాడుతున్నారు. ప్రకాశం జిల్లా చదలవాడ క్షేత్రంలోనూ కాపాడుతున్నారు. ఆ జాతిని పట్టుకెళ్ళిన బ్రెజిల్‌లో వియాటినా-19 అనే ఆవు విలువ 2023లో నలభై లక్షల డాలర్లు దాటింది. అప్పటికి ప్రపంచ రికార్డు. ఆ వార్త వచ్చిన రోజు ఇక్కడ పేపర్లన్నీ మన ఒంగోలు ఆవు అని మురిసిపోయాయి. మురిసిన వాళ్ళలో ఎందరి ఇంట్లో ఒంగోలు ఆవుంది? సముద్రం దాటి వెళ్ళిపోయిన బిడ్డ మీద ఉన్న ప్రేమ, గాటి దగ్గర అరుస్తున్న బిడ్డ మీద ఉండదు.

ఫలశ్రుతి

ఏ పురాణానికైనా చివర ఫలం చెప్పాలి. చెప్తున్నాను.

రేపు పొద్దున పాలవాణ్ణి నీళ్ళు కలిపావా అని అడక్కండి. హార్మోన్ వేశావా అని అసలే అడక్కండి, వెయ్యలేదంటాడు. "దూడేదయ్యా?" అని అడగండి. పక్కనే కట్టేసి ఉంటే, దాని డొక్కలు ఎండిపోకుండా ఉంటే, ఆ షెడ్డులో సూదికి పని తక్కువని తెలుసుకోండి. లేకపోతే అతను మిమ్మల్నే తిరిగి అడుగుతాడు. "దూడ తాగే మూడు లీటర్ల డబ్బు తమరిస్తారా బాబూ?"

లెక్క కష్టం కాదు. ఒక గేదె ఈతకు రెండు వేల లీటర్లు ఇస్తుందనుకోండి. దూడ రెండొందల డెబ్బై తాగితే, మిగిలినవాటి మీద ఆ నష్టం పూడాలంటే లీటరుకు పన్నెండున్నర రూపాయలు ఎక్కువ పడుతుంది. డైరీలు వెన్న శాతానికి ఇచ్చినట్టే దూడ బతికున్న ఇంటికి లీటరుకు ఇంత అని ఇవ్వొచ్చు. పశువైద్యుడు నెలకోసారి గాటికి వచ్చి దూడను చూసి సంతకం పెట్టొచ్చు. చెక్క గోడౌన్‌కు బూజు పరీక్ష పెట్టొచ్చు. దేనికీ గెజిట్‌లో నిషేధం అక్కర్లేదు, కాన్పు గదిలో మందుకు కరువు తేనక్కర్లేదు.

కాబట్టి ఈ సూది మహాత్మ్యాన్ని విన్నవారికి నిద్ర పట్టదు. చదివినవారికి కాఫీ చేదెక్కుతుంది. నలుగురికి చెప్పినవారు అపార్టుమెంటు గ్రూపులోంచి తొలగింపబడతారు. లీటరుకు పన్నెండున్నర రూపాయలు ఎక్కువ ఇచ్చి దూడను తాగనిచ్చినవారికి మాత్రమే పాలలో హార్మోన్ గురించి మాట్లాడే అర్హత సిద్ధిస్తుంది. తక్కినవారు పాలు చల్లారక ముందే తాగేసి, గ్లాసు కడిగి పెట్టుకోవచ్చు.